బేస్తారం రాత్రి విమానం

2005 నవంబరులో నన్ను బహ్రెయిన్‌లో మనామా హెడ్డాఫీసు నుంచి రిఫా బ్రాంచికి బదిలీ చేశారు. హోదా హాలిడే డెస్క్ అసిస్టెంట్. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక ఫోను, వెనక గోడ మీద ప్రపంచ పటం. అంతకు ముందు అదే ట్రావెల్ కంపెనీలో నాలుగేళ్లు డ్రైవరుగా, పదేళ్లు మందూబ్‌గా చేశాను. మందూబ్ అంటే కంపెనీ తరఫున ఎంబసీలూ ఇమిగ్రేషన్ ఆఫీసులూ తిరిగి కాగితాలు ఇచ్చి పుచ్చుకునే మనిషి. ఎండలో నిలబడడం, గార్డుతో మర్యాదగా మాట్లాడడం, పాస్‌పోర్టుల సంచి చంకలోంచి దించకపోవడం, ఈ మూడూ వస్తే ఎవడైనా మందూబ్ కావచ్చు. కుర్చీలో కూర్చొని చేసే పని మాత్రం నాకు రిఫాలోనే మొదలు.

నాకు అక్షరాలు ముప్పై మూడో ఏట వచ్చాయి. కార్మికుల క్యాంపులో మా గదిలో ఉన్న కాకినాడ వంటమనిషి పిండి డబ్బా మూత మీద వేలితో రాసి తెలుగు నేర్పాడు. ఇంగ్లీషు నేను పాస్‌పోర్టుల్లో నేర్చుకున్నాను. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ, గడువు తేదీ. ఒకటో తరగతి పుస్తకం అందరికీ ఒకటే ఉంటుంది, నాకు రోజుకు నలభై కొత్తవి వచ్చేవి. అందుచేత రిఫాలో కుర్చీ ఎక్కేనాటికి, కాగితం మీద ఉన్న ముక్క చదివితే చాలు, అది నిజమేనని నాకు గట్టి నమ్మకం. ఆలస్యంగా చదువుకున్నవాళ్లకు ఈ జబ్బు ఉంటుంది. చిన్నప్పుడు చదువుకున్నవాడు కాగితాన్ని కాస్త అనుమానిస్తాడు.

మా వ్యాపారంలో ప్రయాణికులు రెండు రకాలు. ఊరికి పోయేవాడు, చూడడానికి పోయేవాడు. ఊరికి పోయేవాడితో పెద్ద పని లేదు. తేదీ చెబుతాడు, సామాను ఎన్ని కిలోలు పడుతుందని నాలుగుసార్లు అడుగుతాడు, వెళ్లిపోతాడు. చూడడానికి పోయేవాడికి నాలుగు పనులు చేసి పెట్టాలి. వీసా ఫైలు, విమానం, గది, ఏ రోజు ఏమి చూడాలో పట్టిక. గదికి లెక్క రాత్రుల మీద. ఎన్ని పగళ్లు తిరిగావన్నది హోటలువాడికి పట్టదు, ఎన్ని రాత్రులు పడుకున్నావన్నదే చూస్తాడు. ఇది నాకు ఎవరూ నేర్పనక్కరలేదు. చుట్టాలింటికి పోయి వస్తే ఎన్ని నిద్రలు చేసి వచ్చావనే మా పక్క అడుగుతారు.

బహ్రెయిన్‌లో ఉన్న అన్నేళ్లలో తెలుగువాళ్లు మా కంపెనీలో కొన్నవన్నీ ఊరి టికెట్లే. చూడడానికి పోతామన్న మొదటి తెలుగు జంట డిసెంబరు మొదటివారంలో వచ్చింది. మల్లేశం అస్కర్ దగ్గర అల్యూమినియం కరిగించే ఫ్యాక్టరీలో షిఫ్ట్ సూపర్‌వైజరు. హెల్పరుగా వచ్చి ఇరవై నాలుగేళ్లలో ఆ మెట్టు ఎక్కాడు. ఆయన భార్య సులోచన బట్టలు కుడుతుంది. బుదైయా విల్లాల్లో ఆమె సూదికి మంచి పేరు. ఆమె చేతిలో పెద్ద ప్లాస్టిక్ సంచి ఉంది. కూర్చోకముందే నాది ఏ ఊరని అడిగింది. మెట్‌పల్లి పక్క అన్నాను.

“మా పెద్దమ్మది మెట్‌పల్లే. అయితే నువ్వు నాకు తమ్మునివైతవు” అంది.

నేను మల్లేశం వైపు చూసి, అయితే ఈయన నాకు బావ అన్నాను.

“ఇరవై నాలుగేండ్ల సంది ఈ దేశంల బామ్మర్ది లేక సుఖంగున్న” అన్నాడాయన. “ఇయ్యాల దొరికిండు.”

సంచిలోంచి ఆమె ఒక కోటు తీసి నా బల్ల మీద పరిచింది. బొగ్గు రంగు ఉన్ని కోటు. మడమల దాకా వస్తుంది. ముందు ఆరు పెద్ద గుండీలు, లోపల పట్టు అస్తరు. బుదైయాలో ఒక మేడం కూతురి పెళ్లికి ఈమె నెలరోజులు కూర్చొని బట్టలు కుడితే, ఆ మేడం సంతోషపడి ఇచ్చిందట. ఆరేళ్లుగా నాఫ్తలీన్ ఉండల మధ్య బీరువాలో వేలాడుతోంది. బహ్రెయిన్ చలికాలం సంగతి తెలిసిందే, పొద్దున స్వెట్టరు వేసుకుంటే పదింటికి విప్పాలి.

“ఏసీ పదహార్ల పెట్టుకోని ఒక్కపారి ఏసుకున్నది” అని మల్లేశం సాక్ష్యం చెప్పాడు. “నేను దుప్పటి కప్పుకోని చూసిన.”

సంగతేమిటంటే, మార్చిలో మల్లేశం రిటైరవుతున్నాడు. ఖలాస్, ఇద్దరూ ఊరికి పోతున్నారు. ఒకసారి రెసిడెన్స్ పర్మిట్ రద్దయితే ఇక్కడి ఎంబసీలకు మనం ఎవరమో తెలియదు. పోవాలంటే ఈ చలికాలమే, అదీ మార్చికి ముందే. ఊళ్లో వేసుకోవచ్చు కదా అక్కా అని నేను బుద్ధితక్కువ మాట ఒకటి అన్నాను.

“ఊర్లె ఇది ఏసుకోని తిరిగితె గంగిరెద్దు వచ్చిందని పిల్లలు వెంటపడ్తరు. ఈ కోటు ఏసుకునే చలి ఏడున్నదో ఆడికి తోలియ్యి తమ్మీ. ఏం చూస్తమన్నది తర్వాత.”

పదేళ్ల తరువాత కూడా చెబుతాను, ఇంత స్పష్టంగా తనకేం కావాలో చెప్పిన కస్టమరు నాకు మళ్లీ దొరకలేదు.

ఊరు ఎంచడానికి నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. మా బ్రాంచికి రోజూ వచ్చే ఇంగ్లీషు పేపరులో లోపలి పేజీలో లోకంలోని పెద్ద ఊళ్ల వేడి, చలి అంకెలు వేసేవారు. వీసా ఇక్కడే దొరికే మూడు రాజధానులు తీసుకుని పది రోజులు ఆ అంకెలు కత్తిరించి అట్ట మీద అంటించాను. రోము పన్నెండు, పదమూడు. పారిస్ ఏడు, ఎనిమిది, పక్కన ఎప్పుడూ వాన బొమ్మ. బెర్లిన్ సున్నాకు కింద. అట్ట చూపించి, రోముది స్వెట్టరు చలి, పారిస్‌ది గొడుగు చలి, బెర్లిన్‌ది కోటు చలి అన్నాను. సులోచన బెర్లిన్ అంకెల మీద వేలు పెట్టింది. బెర్లిన్‌లో ఏముంటుందని మల్లేశం అడిగితే, చలి ఉంటదట అని ఆమే జవాబు చెప్పింది.

ఇక రోజులు. ఆ ఫ్యాక్టరీలో డ్యూటీ పన్నెండు గంటలు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు, లేదా సాయంత్రం ఆరు నుంచి మర్నాడు పొద్దున ఆరు. రెండు పగటి డ్యూటీలు, రెండు రాత్రి డ్యూటీలు, ఆపైన నాలుగు రోజులు సెలవు. ఈ చక్రం ఏడాదంతా ఆగకుండా తిరుగుతుంది, ఎందుకంటే కరిగిన లోహం ఆగితే గడ్డకడుతుంది. రిటైరయ్యే మనిషికి చివరి మూడు నెలల్లో పెద్ద సెలవు ఇవ్వరు, కొత్తవాళ్లకు పని అప్పజెప్పాలని. ఆయన గట్టిగా అడిగితే ఒక్క రోజు ఇచ్చారు. చక్రం లెక్కలో జనవరి మూడోవారం కుదిరింది. ఆది, సోమ పగటి డ్యూటీలు. మంగళ, బుధ రాత్రి డ్యూటీలు. గురువారం పొద్దున ఆరింటికి దిగుతాడు. గురు, శుక్ర, శని, ఆది చక్రం సెలవు. సోమవారం అడిగి తెచ్చుకున్న ఒక్క రోజు. మంగళవారం పొద్దున మళ్లీ డ్యూటీ.

విమానాల పట్టిక తీశాను. ఫ్రాంక్‌ఫర్ట్ దాకా ఒక విమానం, అక్కడి నుంచి బెర్లిన్‌కు చిన్నది. పెద్ద విమానం వారానికి నాలుగు రోజులే. పట్టికలో గురువారం ఎదురుగా 0110 అని ఉంది. నేను తల ఎత్తి చెప్పాను, బావా, బేస్తారం రాత్రి ఒకటీ పదికి విమానం ఉంది. మా పక్క గురువారాన్ని బేస్తారం అంటారు.

“మంచిగున్నది” అన్నాడు మల్లేశం. “పొద్దుగాల డ్యూటీ దిగుత, పగలంత పండుకుంట, రాత్రికి ఎక్కుత.”

తిరుగు ప్రయాణం సోమవారం పగలు. గురువారం రాత్రి విమానంలో, శుక్ర, శని, ఆది రాత్రులు హోటల్లో. మూడు నిద్రలు అని చెప్పాను. ముగ్గురం వేళ్ల మీద లెక్కపెట్టి ఒప్పుకున్నాం. చదువు వచ్చిన మనిషినై ఉండి చేసిన తప్పు అక్కడే ఉంది. చదివేవారికి ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. మాకు నెల దాటేదాకా తెలియలేదు.

టికెట్లు వేయడం నా పని కాదు. బ్రాంచిలో టికెటింగ్ ఆఫీసరు గఫార్ భాయ్, హైదరాబాద్ పాతబస్తీ మనిషి. కంప్యూటరు ఆయన చేతిలో ఉండేది. నేను చీటీ మీద గురువారం రాత్రి 1.10, తిరుగు సోమవారం, అప్పటిదాకా గది అని రాసి ఇచ్చాను. ఆయన చదివి, “జుమేరాత్ కీ రాత్, నా?” అని అడిగాడు. జుమేరాత్ అంటే వాళ్ల భాషలో గురువారం. అవునన్నాను. ఆయన టికెటూ గదీ రెండూ బుక్ చేశాడు.

ఆపైన నెల రోజులు వీసా ఫైలుతో గడిచింది. చూసేవాళ్లకు ఫైలు అంటే కాగితాల కట్ట, మాకు అది ఒక వరస. పైన ఫారం, దాని కింద ఫోటో, ఆ తరువాత కంపెనీ ఇచ్చే అభ్యంతరం లేదన్న ఉత్తరం, జీతం సర్టిఫికెట్టు, టికెట్ బుకింగ్, హోటల్ వోచరు, ప్రయాణ బీమా. వరస తప్పితే కౌంటరు మనిషి మొహం మారుతుంది, అందుకే వరసే చూశాను గాని వోచరు లోపలి అంకెలు చూడలేదు. మల్లేశం మీసం ఫోటోలో పై పెదవిని పూర్తిగా మింగేసిందని ఫోటో రెండుసార్లు తీయించాను. రెండోసారి ఆయన మీసం దువ్వుకుని, బామ్మర్ది చెప్పిండని మీసం దువ్వుకున్న మొగోణ్ని నేనే అయ్యుంట అని విసుక్కున్నాడు. జనవరి పదో తేదీ దాటాక వీసాలు వచ్చాయి. ఒక్కసారి దిగడానికే పనికొచ్చేవి, తేదీలు మేమిచ్చిన బుకింగ్ ప్రకారమే.

రోజువారీ పట్టిక నేనే రాశాను, తెలుగులో, పెద్ద అక్షరాలతో. బెర్లిన్‌లో జనవరిలో ఎనిమిదింటికి గాని తెల్లారదు, నాలుగున్నరకే చీకటి. కాబట్టి నడిచేవన్నీ పదికీ మూడుకూ మధ్య పెట్టాను. చీకటి పడ్డాక మ్యూజియాలు, లోపల వెచ్చగా ఉంటాయి. ఆదివారం అక్కడ దుకాణాలు మూసి ఉంటాయి, మనకు శుక్రవారం లాగా. ఆ రోజుకు చెరువు గట్టు నడక పెట్టాను, అది మూయడానికి వీలులేదు కనుక. ఇద్దరికీ ఉన్ని మేజోళ్లు రెండు జతల చొప్పున, బావకు చెవులు మూసే టోపీ కొనమని కింద రాశాను. ఆ పట్టిక చూసి మా బ్రాంచి మేనేజరు మేడం ఏమి రాశావని అడిగి, ఇంగ్లీషులో చెప్పించుకుని, అందరికీ ఇలాగే రాయమంది. నేను ఒళ్లు మరిచిపోయి సంతోషపడ్డాను. ఆ పట్టికలో మూడు రోజులే ఉన్నాయి.

ప్రయాణం వారం సోమవారం పదకొండింటికి కవరు తీసుకుపోవడానికి సులోచన ఒక్కతే వచ్చింది. మల్లేశం పగటి డ్యూటీలో ఉన్నాడు. టికెట్లు, బీమా, పటం, హోటల్ వోచరు ఒక్కొక్కటే చూపించి కవరులో పెడుతున్నాను. ఆమెకు ఇంగ్లీషు రాదు. అంకెలు వచ్చు, టేపు పట్టుకునే చేయి కదా. వోచరు మీద ఒక అంకె దగ్గర ఆగింది.

“తమ్మీ, మూడు నిద్రలంటివి. ఈడ నాలుగున్నది.”

హోటలువాడు ఒకటి ఎక్కువ ఇచ్చి ఉంటాడన్నాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, ఆ మాట నేను నమ్మే అన్నాను.

“ఉత్తగ ఎవడిస్తడు? నేను నిద్రకొక పొట్లం లెక్కన అటుకులు, పల్లీల పొడి కట్టి పెట్టిన. మూడు కట్టిన. నాలుగైతె నాలుగని చెప్పు, ఇంకోటి కడ్త. కని ముందు లెక్క చెప్పు.”

గఫార్ భాయ్‌ని పిలిచాను. గురువారం దిగుతున్నారు, సోమవారం లేస్తున్నారు, నాలుగు కాకపోతే ఎన్ని అని ఆయన అడిగాడు. గురువారం దిగడమేమిటి, గురువారం రాత్రి కదా ఎక్కేది అన్నాను. ఆయన కుర్చీ నా వైపు తిప్పాడు. తరువాత నెమ్మదిగా అడిగాడు.

“భూమయ్యా, జుమేరాత్ కీ రాత్ అంటే ఏది? బుధ్ కా సూరజ్ డూబే బాద్ వచ్చే రాత్రి కాదా?”

ఆయన లెక్కలో, అంటే ముసల్మానుల లెక్కలో, పొద్దు గుంకితే రోజు మారిపోతుంది. రాత్రి ముందు, పగలు తరువాత. రంజాన్ నెలవంక కనబడిన రాత్రే మర్నాటి తేదీలోకి పోవడం నేను ఇన్నేళ్లుగా చూస్తూనే ఉన్నాను. కాబట్టి గురువారం రాత్రి అంటే ఆయనకు బుధవారం పొద్దు గుంకాక వచ్చే రాత్రి. విమానం పట్టికలో రోజు అర్ధరాత్రి మారుతుంది. గురువారం 0110 అంటే దానికీ అదే రాత్రి. ఆయన లెక్కా యంత్రం లెక్కా సరిగ్గా కలిశాయి, ఇక ఆయన ఎందుకు అడుగుతాడు? మన లెక్క వేరు. మనకు తెల్లారితేనే రోజు మారుతుంది. తెల్లవారుజామున పోయిన మనిషిని కూడా నిన్న రాత్రి పోయాడనే అంటాం. నేను గురువారం 0110 అని సరిగ్గా చదివాను. దాన్ని బేస్తారం రాత్రి అని మన నోటితో చెప్పాను. ఒక రోజు జారిపోయింది. గఫార్ భాయ్‌ది తప్పు లేదు, యంత్రానిది లేదు. తప్పు నాది, రెంటికీ మధ్య కూర్చున్నవాణ్ణి.

విమానం లేచేవేళకు మల్లేశం అస్కర్‌లో రాత్రి డ్యూటీ మధ్యలో ఉంటాడు.

గఫార్ భాయ్ వెంటనే కీబోర్డు మీద పడ్డాడు. శుక్రవారం విమానం లేదు. శనివారం దాంట్లో సీట్లు లేవు, వెయిటింగ్ జాబితా అప్పటికే చాంతాడంత ఉంది. దుబాయి మీదుగా, దోహా మీదుగా చూశాడు. హజ్ అయి మనుషులు తిరిగి వచ్చే రోజులు, ఏ దారిలోనూ రెండు సీట్లు కలవలేదు. ఈ వేటలోనే సాయంత్రం నాలుగైంది. ఇక మిగిలింది ఒకటే, మల్లేశం బుధవారం రాత్రి డ్యూటీ ఇంకొకరితో బదులు చేసుకోవడం. ఆ ఫ్యాక్టరీలో బదులుకు ఒక ఫారం ఉంది. సమాన హోదా ఉన్న మనిషి ఒప్పుకోవాలి, షిఫ్ట్ సూపరింటెండెంటు సంతకం నలభై ఎనిమిది గంటల ముందు పడాలి. అంటే ఆ సాయంత్రం ఆరులోపు.

“మీ బావ అడగడు” అంది సులోచన. అప్పటిదాకా తప్పు చేసిన నన్ను ఒక్క మాట అనలేదు. “చావుకో కాన్పుకో తప్ప బదులియ్యనని మందికి చెప్పేటోడు ఆయననే. గిప్పుడు తన కోసం అడుగుతడా?”

ఫోను చేసి లాభం లేదు. కరిగించే హాల్లో కరెంటు అంత ఉంటుంది, దాని వల్ల పుట్టే అయస్కాంత శక్తికి చేతి గడియారాలు కూడా నిలిచిపోతాయి. ఫోన్లు బయట లాకర్లో పెట్టి పోతారు. మేడం అనుమతి అడిగి ఆఫీసు కారు తీసుకున్నాను. నాలుగున్నరకు సులోచనను ఎక్కించుకుని అస్కర్ దారి పట్టాను. ఆమె దారంతా కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒక్కసారి మాత్రం, టికెట్లు వాపసు ఇస్తే వీసా కాగితం చింపుతరా, ఉంచుకోనిస్తరా అని అడిగింది. ఉంచుకోనిస్తరు అన్నాను.

గేటు దగ్గర చెప్పి పంపిస్తే అయిదుంపావుకు మల్లేశం బయటికి వచ్చాడు. ముఖం ఎర్రగా, హెల్మెట్ చంకలో. జరిగింది చెప్పాను, దాచకుండా. ఆయన విని నా వైపు చూశాడు.

“బామ్మర్ది అనిపించుకున్నవు. ముంచే హక్కు నీదే.”

బదులు సంగతి ఎత్తగానే తల అడ్డంగా ఊపాడు. పోయిన నెలలో ఒకడు తమ్ముడి నిశ్చితార్థమని బదులు అడిగితే కుదరదన్నాడట. ఇప్పుడు తాను కోటు కోసం అడిగితే హాలంతా నవ్వుతుంది. ఇరవై నాలుగేళ్లు సంపాదించిన మాట రెండు నెలల ముందు పోగొట్టుకోనన్నాడు. నేను ఏదో నచ్చజెప్పబోతే సులోచన చేయి ఎత్తి ఆపింది.

“మార్చి తర్వాత నీ ముంగట నవ్వేటోడెవడుంటడు? ఈళ్లంత ఈడనే ఉంటరు. ఊర్లె నీతోని ఉండేది నేనే. నేను నవ్వకుంట చూసుకో.”

మల్లేశం హెల్మెట్ ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చాడు.

సరిగ్గా అప్పుడే రాత్రి డ్యూటీ సూపర్‌వైజరు అబూ ఈసా కారు దిగాడు. బహ్రెయిన్ మనిషి, పెద్ద పొట్ట, చేతిలో టీ ఫ్లాస్కు. తొమ్మిదేళ్లుగా మల్లేశం దిగితే ఈయన ఎక్కుతాడు, ఈయన దిగితే మల్లేశం ఎక్కుతాడు. ఆదివారం, సోమవారం రాత్రులు ఈయనవి. మంగళవారం నుంచి ఈయనకు సెలవు. అంటే బుధవారం రాత్రి ఖాళీగా ఉండే సూపర్‌వైజరు ఎదురుగానే ఉన్నాడు. గల్ఫ్ హిందీలో ఏమైందని అడిగాడు. మల్లేశం ఏమీ లేదన్నాడు. సులోచన కవరు తెరిచి విమానం టికెట్టు ఆయన చేతిలో పెట్టింది. నేను మిగతాది చెప్పాను. ఆయన టికెట్టు మీద గురువారం అని చదివి, లైలత్ అల్ ఖమీస్ అనుకున్నాడు తనలో తాను. గురువారపు రాత్రి. ఆయనకూ గఫార్ భాయ్ లెక్కే, ఏ రాత్రో వివరించాల్సిన పని పడలేదు.

“మల్లేశ్” అన్నాడు. “మేరా తీన్ బచ్చా ఆయా, తీన్ టైం తుమ్ డ్యూటీ కియా. మేరా బాప్ మరా, తుమ్ కియా. నౌ సాల్ మే తుమ్ ఏక్ బార్ నహీ బోలా. మేరే కో షరమ్ ఆతా.”

మూడు కాన్పులకూ, తండ్రి చావుకూ తన డ్యూటీలు ఈయన చేశాడని, తొమ్మిదేళ్లలో ఒక్కసారీ తిరిగి చేసే అవకాశం ఇవ్వలేదని, దాని వల్ల తనకు సిగ్గుగా ఉంటుందని దాని అర్థం. మల్లేశం ఇది ఎప్పుడూ ఆ వైపు నుంచి చూసినట్టు లేదు. అడగకపోవడం పెద్దరికమనుకున్నాడు. అవతలివాడి మెడ మీద కూర్చోవడమని అనుకోలేదు. హెల్మెట్ నెత్తిన పెట్టుకుని, ఫారం ఏదీ అన్నాడు.

“యల్లా, చలో” అని అబూ ఈసా ముందు నడిచాడు.

నన్ను విజిటర్ల పాసు మీద మొదటి ఆఫీసు గది దాకా రానిచ్చారు. మల్లేశానికి ఇంగ్లీషు మాట్లాడడం వచ్చు, రాయడం రాదు. ఫారం నేను నింపాను. ఈసారి రోజు పేరు దగ్గర రెండు రోజుల పేర్లూ రాశాను, బుధవారం సాయంత్రం ఆరు నుంచి గురువారం పొద్దున ఆరు దాకా అని. కింద కారణం అని ఒక గడి ఉంది. ఒంట్లో బాగా లేదని రాయనా అని అడిగాను. మల్లేశం ఒప్పుకోలేదు, అబద్ధం రాస్తే ఫారమే ఇవ్వనన్నాడు. నిజమే రాశాను. భార్య కోటు వేసుకోవడానికి.

సూపరింటెండెంటు ఇంగ్లండు మనిషి. కారణం గడి దగ్గర ఆగి రెండుసార్లు చదివాడు. ఏ ఊరు అని అడిగాడు. బెర్లిన్ అన్నాం. ఈ వారం అక్కడ చాలా చలి పడబోతోందని రేడియోలో విన్నాడట. సంతకం పెట్టి, మిసెస్‌కు చేతి తొడుగులు కూడా ఉన్నాయా అని అడిగాడు. అవి నా పట్టికలో లేవు. అప్పుడు సమయం అయిదూ నలభై.

బయట సులోచనకు చెప్పగానే ఆమె అడిగిన మొదటి మాట, అయితే నాలుగు నిద్రలేనా అని. నాలుగే అన్నాను. నా తప్పు వల్ల వాళ్లకు బెర్లిన్‌లో ఒక రోజు కలిసివచ్చింది. ఇంకో పొట్లం కట్టాలె, తొడుగులు కొనాలె, జల్ది నడుపు అని తొందరపెట్టింది. దారిలో రిఫాలో ఆగి తొడుగులు కొన్నాం. నేను ఆఫీసుకు పోయి గురువారానికి ఒక పట్టిక రాసి మర్నాడు ఇచ్చాను.

వాళ్లు తిరిగి వచ్చిన వారంలో ఒక సాయంత్రం ఇద్దరూ బ్రాంచికి వచ్చారు. నా కోసం చాక్లెట్ల డబ్బా, గఫార్ భాయ్ కోసం ఇంకోటి. బెర్లిన్‌లో మైనస్ పద్నాలుగు దాకా పోయిందట.

“తొమ్మిది వందల అరవై డిగ్రీల పక్కన ఇరవై నాలుగేండ్లు నిలబడ్డ” అన్నాడు మల్లేశం. “ఇప్పుడు మైనస్ పద్నాలుగు చూసిన. నడిమిట్లది ఎట్లుంటదో ఎవరన్న చెప్పున్రి.”

చెరువు గట్టు నడక మొదటి పది నిమిషాల్లోనే మానేశారట. చెరువే గడ్డకట్టి, మనుషులు దాని మీద నడుస్తున్నారట. సులోచన కూడా నడిచింది. బావ గట్టు మీద నిలబడి కేకలేశాడు. మ్యూజియాల గురించి ఇద్దరికీ పెద్దగా గుర్తులేదు, లోపల కోటు విప్పి ఇచ్చేయమన్నారని మాత్రం సులోచనకు కోపం. ట్రాములో పక్కన కూర్చున్న ముసలామె కోటు అంచు పట్టుకుని చూసి, లోపలి అస్తరు తిప్పి, కుట్టు మీద వేలు పెట్టి ఏదో అడిగిందట. అది మిషను కుట్టు కాదు, చేతి కుట్టని ఈమె సూది పట్టినట్టు వేళ్లతో చూపించిందట. ముసలామె కూడా తన వేళ్లు చూపించిందట, దర్జీ వేళ్లే. ఒకరి మాట ఒకరికి రాకుండా నాలుగు స్టాపులు మాట్లాడుకున్నారు.

“మేం దిగాల్సిన స్టాపు పోయింది” అన్నాడు మల్లేశం. “తమ్ముడు ఒక రోజు తప్పించిండు, అక్క నాలుగు స్టాపులు.”

మార్చికి ముందు మల్లేశం అబూ ఈసా కోసం ఒక రాత్రి చేయాల్సింది. అబూ ఈసా ఒప్పుకోలేదు. ఆ సంగతి మీద ఇద్దరూ వారం రోజులు పోట్లాడుకున్నారని సులోచన చెప్పింది. చివరికి అబూ ఈసా ఇంటికి భోజనానికి పోయి తేల్చుకున్నారు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు దీనిలోంచి చెప్పదగ్గది ఒకటి ఉంది. అర్ధరాత్రి దాటిన విమానానికి వారం పేరు ఒక్కటే చెప్పకూడదు. చెప్పేవాడి రోజు ఎప్పుడు మారుతుందో, వినేవాడి రోజు ఎప్పుడు మారుతుందో మనకు తెలియదు. ఎవరిని నీ లెక్క ఏమిటని అడిగినా లాభం లేదు, తన లెక్క లోకమంతటి లెక్క అనే అనుకుంటాడు. ఆ జనవరి తరువాత నేను కస్టమరును ఒక్కటే ప్రశ్న అడిగేవాణ్ణి, ఏ రోజు రాత్రి అన్నం తిని విమానాశ్రయానికి పోతావు అని. బుధవారం అంటే బుధవారం. హిందువైనా ముసల్మానైనా మలయాళీ అయినా అన్నం తిన్న రోజు దగ్గర ఎవరికీ తేడా లేదు. కవరు మీద అదే రాసేవాణ్ణి, బుధవారం అన్నం తిని బయలుదేరాలి అని. గఫార్ భాయ్ మొదట నవ్వాడు, తరువాత తన చీటీల మీద ఉర్దూలో అదే రాయడం మొదలుపెట్టాడు.

2013లో ఉద్యోగం మానేదాకా రోజు పొరబడి విమానం తప్పిన ప్రయాణికుడు నా డెస్కు నుంచి ఒక్కడూ లేడు. ముగ్గురు వేరే కారణాలకు తప్పిపోయారు. అందులో ఇద్దరు వేళకే వచ్చి, గేటు ముందు కుర్చీల్లో నిద్రపోయారు. కడుపునిండా తిని రమ్మన్నది నేనే కాబట్టి ఆ రెండింటిలో నా బాధ్యత కొంత ఉందని మేడం అనేది. నేను ఒప్పుకోలేదు.